నాచింగ్వేయాలో 500 ఎకరాలు, గనిలో వాటా: 60 లక్షలు పెట్టవచ్చా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను. మీ కుటుంబానికి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం ఉంది. స్థలం అమ్మగా వచ్చిన 60 లక్షలు చేతిలో ఉన్నాయి. దార్‌-ఎస్‌-సలామ్‌లో ఉంటున్న మనవాడొకరు టాంజానియా దక్షిణాన లిండి ప్రాంతంలోని నాచింగ్వేయా జిల్లాలో 500 ఎకరాలు ఇప్పిస్తానని, పక్కనే ఒక చిన్న బంగారు గనిలో వాటా కూడా రాయిస్తానని అంటున్నారు. జీడి, కంది, నువ్వులు, నికెల్, బంగారం అన్నీ ఉన్న జిల్లా కదా, ముందుకు వెళ్లవచ్చా అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఆ భూమికి గానీ, ఆ గని వాటాకు గానీ ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఆ రెండింటినీ మీకు అమ్మే హక్కు అక్కడ ఎవరికీ లేదు. అలాగని ఆ జిల్లాలో అవకాశాలు లేవని అనను. పంట కోసిన రోజుకీ, అది రేవు చేరిన రోజుకీ మధ్య జరిగే పనుల్లో బోలెడంత అవకాశం ఉంది. ఆరబెట్టడం, జల్లించడం, గ్రేడు చేయడం, నిల్వ చేయడం, పప్పు తీయడం. మిర్చి యార్డులో పెరిగిన మీకు ఈ పనులు కొత్త కావు. కానీ 60 లక్షలతో మొదటి ఏడాదే సొంత సంస్థ పెట్టవద్దు. ఎందుకో వివరంగా చెబుతాను. నేను దక్షిణ టాంజానియా రేవు పట్టణం మ్‌ట్వారా కేంద్రంగా పదకొండేళ్లు మన దిగుమతిదారుల కోసం జీడిపిక్కలు, కందులు కొనే పనిలో ఉన్నాను. అందులో మూడు సీజన్లు నాచింగ్వేయాలోనే గడిపాను.

భూమి సంగతి. టాంజానియాలో భూమి అంతా ప్రజల ఆస్తి. ప్రజల తరఫున ధర్మకర్తగా దేశాధ్యక్షుడి పేరున ఉంటుంది. పౌరులకు ఉండేది కూడా అనుభవ హక్కే. 1999 నాటి రెండు భూచట్టాల ప్రకారం విదేశీయుడు భూమికి యజమాని కాలేడు. పెట్టుబడి కోసమైతే, ప్రభుత్వ పెట్టుబడుల సంస్థ పేరున ఉన్న భూమిలోంచి గరిష్ఠంగా 99 ఏళ్ల వరకు ఒక ఉపహక్కు పొందవచ్చు, అంతే. నాచింగ్వేయాలో మీకు చూపించే భూమి దాదాపు ఖాయంగా గ్రామ భూమి అయి ఉంటుంది. గ్రామ భూమి విదేశీయుడి చేతికి రావాలంటే ముందు గ్రామసభ ఒప్పుకోవాలి, ఆ తర్వాత జిల్లా, ఆ పైన కేంద్ర స్థాయి అనుమతులతో దాని వర్గం మారాలి. దీనికి ఏళ్లు పడుతుంది. గ్రామ పెద్ద సంతకం పెట్టిన కాగితం, దాని మీద గుండ్రటి ముద్ర ఉన్నంత మాత్రాన చెల్లదు.

నాకు బాగా తెలిసిన ఇద్దరు మిత్రులు ఇలాంటి కాగితం మీదే 300 ఎకరాలకు డబ్బు కట్టారు. అది వేరే జిల్లా. వాళ్లతో నేనూ ఆ పొలం చూడటానికి వెళ్లాను. ఎర్ర గుడ్డ కట్టిన కొయ్యలు నాలుగు మూలలా పాతి ఉన్నాయి. మధ్యవర్తి చేయి చాపి "ఇదంతా ఖాళీ భూమి" అన్నాడు. కొంచెం లోపలికి నడిస్తే ఒక పెద్ద మామిడిచెట్టు కింద రాళ్లు పేర్చిన సమాధులు కనిపించాయి. ఇంకొంచెం ముందుకు వెళితే రెండేళ్ల కింద కర్రపెండలం తీసి, నేలకు విశ్రాంతి ఇచ్చిన మళ్లు. అక్కడ బీడు అంటే యజమాని లేని నేల అని అర్థం కాదు. ఈ ఏడు ఇక్కడ, మూడేళ్ల తర్వాత అక్కడ సాగు చేసుకునే కుటుంబాల నేల అది. మా వాళ్లు ట్రాక్టరు దింపిన వారానికే ఊరంతా వచ్చి నిలబడింది. గ్రామసభ జరిగినట్టు పుస్తకంలో ఒక్క పేజీ కూడా లేదు. డబ్బు తిరిగి రాలేదు. కానీ నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ ముసలాయన ముఖం. తండ్రి సమాధి మీద చేయి వేసి, తన భూమి ఎవరు అమ్మారో చెప్పమని మమ్మల్ని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. దయచేసి అలాంటి చోట మీరు నిలబడవద్దు.

గని సంగతి ఇంకా తేలిక. చిన్న గనులకు ఇచ్చే ప్రాథమిక లైసెన్సు టాంజానియా పౌరులకే పరిమితం. అందులో విదేశీయుడికి వాటా రాసిస్తామనే ఒప్పందానికి విలువ లేదు. పెద్ద లైసెన్సులయితే విదేశీ కంపెనీలు తీసుకోవచ్చు, కానీ గని తవ్వే దశకు వచ్చేసరికి 2017 సవరణ ప్రకారం కనీసం 16 శాతం వాటా ప్రభుత్వానికి ఉచితంగా ఇవ్వాలి. అదంతా కోట్ల డాలర్ల వ్యవహారం, మన చర్చలోకి రాదు.

ఇంకొక్క మాట. 2025 జూలైలో టాంజానియా ప్రభుత్వం విదేశీయులు చేయకూడని 15 రకాల వ్యాపారాల జాబితా ప్రకటించింది. చిన్న తరహా గనులు, పొలాల దగ్గరే పంట కొనడం, సూక్ష్మ, చిన్న పరిశ్రమలు, స్థిరాస్తి మధ్యవర్తిత్వం అందులో ఉన్నాయి. మీతో మాట్లాడుతున్న వ్యక్తి ఇంకా భారత పౌరుడే అయితే, ఆయన చేస్తున్న దళారీ పనికే అక్కడ అనుమతి లేదన్నమాట. ఇది ఆయనకు తెలియదా, తెలిసీ మీకు చెప్పలేదా అన్నది మీరే అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నాచింగ్వేయా పేరు వినగానే నాకు ముందు గుర్తొచ్చేది వేరుశనగ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో వంటనూనెకు కటకట వచ్చింది. ముఖ్యంగా అప్పటి టాంగన్యీకాలో, అంటే నేటి టాంజానియా ప్రధాన భూభాగంలో, 30 లక్షల ఎకరాలకు పైగా అడవి కొట్టి వేరుశనగ వేయాలని 1947లో బ్రిటిష్ ప్రభుత్వం పథకం మొదలుపెట్టింది. ఎంచుకున్న మూడు చోట్లలో నాచింగ్వేయా ఒకటి. దాని కోసమే మ్‌ట్వారాలో లోతైన రేవు కట్టారు, అక్కడి నుంచి నాచింగ్వేయాకు రైలు మార్గం వేశారు. యుద్ధంలో మిగిలిన ట్యాంకులను ట్రాక్టర్లుగా మార్చి తెచ్చారు. మొదట పని మొదలైన కోంగ్వాలో ఎండాకాలం వచ్చేసరికి బంకమన్ను ఇటుకలా బిగుసుకుపోయి, నేలలోని కాయ బయటికి రాలేదు. వాన లెక్క కూడా తప్పింది. 1951లో పథకాన్ని ఎత్తేశారు. బ్రిటిష్ ఖజానాకు పోయింది 3 కోట్ల 60 లక్షల పౌండ్లు. రైలు పట్టాలను 1960ల మొదట్లో పీకేశారు. రేవు మాత్రం మిగిలింది. ఈనాటికీ జీడిపిక్కలు ఆ రేవు నుంచే ఓడ ఎక్కుతున్నాయి. రాయలసీమలో వేరుశనగ పండించే ఏ రైతును అడిగినా, ఆ మన్ను చేత్తో పిండి చూసి కాయ ఊడదని చెప్పేవాడు. అక్కడి రైతులకూ ఆ సంగతి తెలుసు, వాళ్లను అడిగినవాళ్లే లేరు.

పెద్ద డబ్బుకూ దెబ్బ తగిలిన రెండో ఉదాహరణ కూడా ఈ జిల్లాదే. ఇక్కడి న్టాకా కొండలో నికెల్ ఉంది. ఒక ఆస్ట్రేలియా కంపెనీ ఏళ్ల తరబడి అన్వేషణ చేసింది. 2017 చట్ట సవరణతో ఆ కంపెనీ దగ్గరున్న రకం లైసెన్సులన్నీ రద్దయ్యాయి. కంపెనీ అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లింది. 2023లో 10 కోట్ల డాలర్లకు పైగా పరిహారం చెల్లించాలని తీర్పు వచ్చింది, 2024లో 9 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అంత ఖరీదైన న్యాయవాదులను పెట్టుకోగలిగిన కంపెనీకే అన్నేళ్లు పట్టింది. మీ వాటా కాగితం ఎవరైనా కాదంటే మీరు ఎక్కడికి వెళతారు?

మరి డబ్బు ఎక్కడ ఉంది? పంటల క్యాలెండరులో. అక్కడ ఒకటే వానకాలం, నవంబరు, డిసెంబరులో మొదలై ఏప్రిల్, మే వరకు. వానలు వెళ్లగానే నువ్వులు వస్తాయి, స్వాహిలీలో ఉఫుటా అంటారు. జూలై నుంచి సెప్టెంబరు మధ్య కందులు, వాళ్ల మాటలో మ్‌బాజీ. అక్టోబరు నుంచి జనవరి దాకా జీడి, కొరోషో. ఒకే గోదాము, ఒకే జల్లెడ యంత్రం, ఒకే తూకం ఏడాదిలో ఏడెనిమిది నెలలు పనిచేస్తాయి. ఒక పంట దెబ్బతింటే ఇంకో పంట ఆదుకుంటుంది. 500 ఎకరాల పొలానికి ఆ వీలు లేదు.

జీడి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అక్కడ మన తెలుగువాళ్లకు నిజమైన సంబంధం ఉంది. మన పలాస, కాశీబుగ్గల్లోని కర్మాగారాలకు స్థానిక పంట సరిపోక ఆఫ్రికా జీడిపిక్కలు దిగుమతి అవుతాయి. మన జీడి ఫిబ్రవరి నుంచి మే వరకు వస్తుంది, పశ్చిమ ఆఫ్రికా పంటా దాదాపు అప్పుడే. మనకు సరుకు అడుగంటే నెలల్లో కొత్త పిక్క వచ్చేది ఎక్కువగా టాంజానియా నుంచే. అందుకే దానికి గిరాకీ.

అయితే అక్కడ రైతు ఇంటికి వెళ్లి కొనడం కుదరదు. రైతు సరుకును ప్రాథమిక సహకార సంఘానికి తెస్తాడు, వాళ్లు దాన్ని ఆమ్‌కోస్ అంటారు. అక్కడి నుంచి లైసెన్సు ఉన్న గోదాముకు, ఆపైన వేలంపాటకు. ఈ గోదాము రసీదు పద్ధతి జీడికి 2007 నుంచి నడుస్తోంది. నాచింగ్వేయా, రువాంగ్వా, లివాలే జిల్లాల సంఘాలన్నింటికీ రునాలి అనే సమాఖ్య ఉంది. ఇప్పుడు బిడ్లు ఆన్‌లైన్‌లో వేస్తారు, కానీ ధర ఒప్పుకోవాలా వద్దా అన్నది రైతులు సభలో కూర్చుని తేలుస్తారు. నచ్చకపోతే అమ్మరు. మిర్చి యార్డు చూసిన మీకు ఆ సభ ఒక్కసారి చూస్తే అన్నీ అర్థమవుతాయి.

కొనేవాడి లాభనష్టాలు తేలేది ఒక చిన్న బల్ల మీద. గోదాములోని బస్తాల్లో అక్కడక్కడ బొంగు గుచ్చి పిక్కలు తీస్తాం. అన్నీ కలిపి ఒక కిలో తూస్తాం. ఎన్ని పిక్కలు వచ్చాయో లెక్కపెడతాం. తర్వాత ఒక్కొక్కదాన్ని కత్తెర లాంటి పరికరంతో నిలువునా చీల్చాలి. తెల్లగా, నిండుగా ఉన్న పప్పు ఒక కుప్ప, మచ్చ పడింది ఒక కుప్ప, ముడుచుకుపోయింది, బూజు పట్టింది ఇంకో కుప్ప. మంచి పప్పు బరువుకు మచ్చ పప్పు బరువులో సగం కలుపుతాం. ఆ గ్రాములను 0.176తో గుణిస్తే 80 కిలోల బస్తాకు ఎన్ని పౌండ్ల పప్పు దిగుతుందో వస్తుంది. 285 గ్రాములు వస్తే 50 పౌండ్లు. దీన్నే అవుట్‌టర్న్ అంటారు. బస్తా పైన మంచిది, అడుగున పాతది పోసి ఉంటే అక్కడే పట్టుబడుతుంది. మొదటి సీజన్‌లో నేను అలిసిపోయి, చివరి లాటుకు పది బస్తాల్లో తీయాల్సిన నమూనాను మూడు బస్తాలతో సరిపెట్టాను. మన రేవులో విప్పి చూస్తే మూడు పౌండ్లు తగ్గింది. ఆ ఏడాది నా కమీషన్ అంతా అందులోనే పోయింది.

పప్పు తీసే పని మీద ఆశ ఉంటే ఇది తెలుసుకోండి. 1970లలో టాంజానియా ప్రభుత్వం ప్రపంచ బ్యాంకు అప్పుతో పెద్ద పెద్ద జీడి కర్మాగారాలు కట్టింది, నాచింగ్వేయాలోనూ ఒకటి. 1973-74లో 1,45,000 టన్నులున్న దేశపు పంట, 1980ల చివరికి 20 వేల టన్నుల లోపుకు పడిపోయింది. ఉజమా అనే ఉమ్మడి గ్రామాల పథకంలో రైతులను కొత్త ఊళ్లకు తరలించడంతో తోటలు దూరమయ్యాయి, గిట్టుబాటు ధర లేదు, పైగా బూడిద తెగులు. యంత్రాలకు పిక్కలు లేవు. ఉన్నవి తిప్పినా గుండు పప్పు, అంటే విరగని పప్పు, తక్కువ, ముక్కలు ఎక్కువ. చాలా కర్మాగారాలు చివరికి గోదాములయ్యాయి. గంధకం పొడి చల్లడం అలవాటయ్యాక పంట కోలుకుంది. ముడి పిక్కలు పంపడం తగ్గించి పప్పు అక్కడే తీయాలన్నది ఇప్పుడు ప్రభుత్వ పట్టుదల. ముడి పిక్కల ఎగుమతి మీద 15 శాతం సుంకం ఉంది. పప్పుగా పంపితే ఆ భారం లేదు. పలాసలో బాయిలరు బిగించడం, కోత యంత్రాలు సరిచేయడం, బోర్మా అనే వేడి గదిలో పప్పు ఆరబెట్టడం చేతికొచ్చిన మేస్త్రీలు ఉన్నారు. గుండు విరగకుండా తీయడం వాళ్లకు తెలిసినంతగా నాచింగ్వేయా చుట్టుపక్కల తెలిసినవాళ్లు తక్కువ. నా దృష్టిలో ఆ జిల్లాలో మనవాళ్లు పెట్టగల అతి విలువైన పెట్టుబడి ఈ పనితనమే.

నష్టాల సంగతి దాచకుండా చెబుతాను.

కందులు చూడండి. 2017 ఆగస్టులో మన ప్రభుత్వం కంది దిగుమతులను ఏడాదికి 2 లక్షల టన్నులకు కట్టడి చేసింది. మొజాంబిక్‌కు అప్పటికే మనతో ఒప్పందం ఉంది కాబట్టి దాని కోటా నిలిచింది. టాంజానియాకు లేదు. అప్పుడు కోతలు సాగుతున్నాయి. ధర అమాంతం కూలింది. ఇంటి ముందు బస్తాలు పేర్చుకుని కూర్చున్న రైతులు మేం కనిపిస్తే లేచి వచ్చి, "మీ దేశం ఎందుకు కొనడం లేదు" అని అడిగేవారు. 2021 మే నుంచి దిగుమతి మళ్లీ స్వేచ్ఛగా సాగుతోంది, గడువు పొడిగిస్తూ వస్తున్నారు. కానీ ఢిల్లీలో వచ్చే ఒక్క ఉత్తర్వుతో నాచింగ్వేయాలో ధర మారిపోతుందన్నది మరవకండి. కందుల మీదే ఆధారపడే వ్యాపారం పెట్టవద్దు.

జీడికి 2018లో ఇంకో రకం దెబ్బ. వ్యాపారులు మరీ తక్కువ పాడుతున్నారని అప్పటి అధ్యక్షుడు మగుఫులి సైన్యాన్ని రంగంలోకి దించారు. కిలో 3,300 షిల్లింగులకు పంటంతా ప్రభుత్వమే కొంటుందన్నారు. సరుకు నెలల తరబడి గోదాముల్లో ఉండిపోయింది. ముందే ఓడలు మాట్లాడుకున్న మాలాంటి వాళ్లకు ఆ ఏడాది పని లేదు.

ఇక దారి. 2024 మేలో హిదాయా తుపాను, దానికి ముందు కురిసిన వానలు కలిసి దార్ నుంచి లిండికి వచ్చే ప్రధాన రహదారిని సొమాంగా దగ్గర తెంచేశాయి. జిల్లా లోపలి గ్రామ దారులు చాలావరకు మట్టివే. వాన మొదలయ్యాక ఊళ్ల నుంచి లారీ బయటపడటం అదృష్టం మీద ఉంటుంది. అందుకే గోదాము ఎక్కడ కట్టారన్నది గోదాము ఎంత పెద్దదన్న దానికంటే ముఖ్యం.

ఇప్పుడు మీ 60 లక్షల లెక్క. 70 వేల డాలర్ల లోపే. విదేశీ సంస్థకు పెట్టుబడి రాయితీల పత్రం కావాలంటే కనీసం 5 లక్షల డాలర్లు చూపాలి. ఆ దారి మీకు లేదు. ముడి జీడి వ్యాపారమే చేద్దామంటే 20 అడుగుల కంటైనరులో సుమారు 16 టన్నులు పడతాయి. టన్ను 1,500 డాలర్లు అనుకుంటే 24 వేలు. ఎగుమతి సుంకం, రేవు ఖర్చులు, ఓడ అద్దె కలిపితే 30 వేలకు చేరుతుంది. రెండు కంటైనర్లు కొంటే మీ డబ్బు దాదాపు అయిపోయింది, అది తిరిగి రావడానికి మూడు నెలలు. ఒక్క లాటు చెడితే మళ్లీ నిలబడే శక్తి మిగలదు.

నేనైతే ఇలా చేస్తాను. ఈ అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పక్క జిల్లా మసాసిలోనో నాచింగ్వేయాలోనో ఒక గది తీసుకుని ఉంటాను. దీనికి నాలుగైదు లక్షలు సరిపోతాయి. మిగతా డబ్బు ఇక్కడి బ్యాంకులోనే ఉండనిస్తాను. వీసా నియమాలు ముందే వాళ్ల హైకమిషన్‌లో అడిగి, చూడటానికి వెళ్లినవాడు పని చేయకూడదన్న హద్దు దాటను. వేలంపాటలకు వెళతాను, పాట పాడను. గోదాముల్లో ఎంత సరుకు, ఎందుకు పాడవుతోందో రాసుకుంటాను. రెండు మూడు నెలల స్వాహిలీ నేర్చుకుంటాను, ఎందుకంటే దుబాసీ ఉన్నంతకాలం మీరు అతని మాటే వింటారు, రైతు మాట వినరు. ఆ తర్వాత రెండో ఏడాది, అక్కడే పుట్టి పెరిగి, ఇప్పటికే లైసెన్సు, గోదాము ఉన్న ఒక స్థానిక సంస్థను ఎంచుకుని, వాళ్లకు జల్లెడ, గ్రేడింగు యంత్రాలు లేదా చిన్న పప్పు యూనిట్ యంత్రాలు ఇక్కడి నుంచి అమ్ముతాను. బిగించి, నేర్పి, రెండు సీజన్లు నిర్వహణ చూసే ఒప్పందంతో. బిల్లు ఇండియాలో, డబ్బు బ్యాంకు ద్వారా, కొంత ముందుగా. దీనికి భూమి అక్కర్లేదు, గని అక్కర్లేదు. ఆ సంస్థతో మనసు కలిసిందా, లెక్కలు సరిగా ఉన్నాయా అన్నది ఈ రెండేళ్లలో తేలుతుంది. అప్పుడు వాటా గురించి అక్కడి న్యాయవాదిని పెట్టుకుని మాట్లాడవచ్చు. ఆ న్యాయవాదిని మీరే వెతుక్కోండి, మధ్యవర్తి చూపినవాడిని వద్దు.

మీ మధ్యవర్తిని ఈలోగా మూడు కాగితాలు అడగండి. ఒకటి, భూమిపై గ్రామసభ తీర్మానం ఉన్న పుస్తకం పేజీ, తేదీతో సహా. రెండు, గని లైసెన్సు నంబరు. గనుల శాఖ ఆన్‌లైన్ పటంలో అది ఎవరి పేరున ఉందో ఎవరైనా చూడవచ్చు. మూడు, ఆయన సంస్థ నమోదు పత్రం. ఫొటో కాదు, నంబరు కావాలి, అది కూడా ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు. దుబాయి ఖాతాకు బయానా పంపమంటే అక్కడితో మాట ఆపేయండి. కాగితాలు వస్తే వ్యక్తుల పేర్లు, ఫోను నంబర్లు తీసేసి ఇక్కడ పెట్టండి. స్వాహిలీలో ఏం రాసి ఉందో చదివి చెబుతాను.